జ్వరమున కొక చరిత్ర

పూర్వము ఓరుగల్లు జిల్లాలోనిదై, 2016 నుండి మహబూబాబాదు జిల్లాలో చేరిన తొర్రూరు ప్రాంతమున, మశూచి సోకిన యింట గుమ్మమునకు వేపమండలు గట్టి, పోచమ్మకు బోనమెత్తి, రోగి యొడలి వేడిమిని అమ్మవారి యాగ్రహముగా భావించి శాంతింపజేయుట తరతరముల యాచారముగా నుండెను. ఆ వేడిమి దేహము తన రక్షణకై తానే రగుల్చుకొన్న యగ్నియని శాస్త్రము క్రమముగా గ్రహించినది.

చేలో పాదమున తుమ్మముల్లు దిగినపుడు, అచటి భక్షకకణములు సైటోకైన్లనెడి సూక్ష్మ మాంసకృత్తులను స్రవింపగా, రక్తనాళములు విప్పారి, తెల్లకణములు తరలివచ్చి, ఆ చోటు ఎఱ్ఱబడి వాచి నొచ్చును. ఇంటర్‌ల్యూకిన్-1 వంటివి మెదడునకు వార్త చేర్పగా జ్వరము పుట్టును. ఇంటర్‌ల్యూకిన్-10 వంటివి పిదప ఆ మంటను చల్లార్చును. చల్లారనిచో రక్షణయే భక్షణ యగును.

1957లో లండనున ఐజాక్స్, లిండెన్‌మన్ పండితులు కోడిపిండపు పొరపై ఇన్‌ఫ్లుయెంజా వైరసును పరీక్షించుచు, సైటోకైన్ల కుటుంబమునకే చెందిన ఇంటర్‌ఫెరానును కనుగొనిరి. ఒకప్పుడు పోచమ్మకు బోనమెత్తించిన ఆ మశూచి నిర్మూలితమైనట్లు 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. 1993లో హైదరాబాదున వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో హెపటైటిస్-బి టీకాను చౌకధరకు వెలువరించి, అటుపిమ్మట ఇంటర్‌ఫెరానును సైతము తయారుచేసినది. దేహరహస్య మెఱిగిన విద్య సామాన్యుని చేతికందినపుడే సార్థకమగునని ఈ చరిత్ర నిరూపించుచున్నది.