ఐ. బి. యం. కొలువు: వ్రాఁతలేని వాగ్దానము



కౌటిల్యుని యర్థశాస్త్రమున భృత్యభరణీయమను నొక ప్రకరణము కలదు. ఏ యధికారి కెంత వేతన మీయవలయునో యందుఁ జెప్పి, విధి నిర్వహించుచు మరణించిన భృత్యుని భార్యాపుత్రులకు భక్తవేతనములు చెల్లింపవలయునని యాచార్యుఁడు విధించెను. మన విద్యార్థి సహాయనిధివలనఁ జదువుకొన్న బాలబాలికలు పెక్కండ్రు నేఁడు కంప్యూటరు కంపెనీల కొలువులఁ జేరుచున్నారు. "పెద్ద కంపెనీ మాస్టరుగారూ, ఇఁక మావానికి లోటు లేదు" అని తలిదండ్రులు నాతోఁ జెప్పుచుందురు. అందుచేత నట్టి కంపెనీలలో వయసు మీఱిన యొకదాని చరిత్రమును విన్నవించుచున్నాను.

అమెరికాలోఁ ద్రాసులు, పనివాండ్ర రాకపోకలను గుర్తించు గడియారములు, చిల్లుల కార్డులతో లెక్కించు యంత్రములు చేయు కంపెనీలు 1911 సంవత్సరమున నొక్కటిగాఁ జేరెను. 1914లో థామస్ వాట్సన్ అను నాతఁడు దానికిఁ బెద్దగా వచ్చెను. ఈతఁడు యౌవనమున బండిపైఁ బియానోలను, గుట్టుమిషనులను వేసికొని పల్లెలు దిరిగి యమ్మినవాఁడు. 1924లో కంపెనీకి ఇంటర్నేషనల్ బిజినెస్ మెషీన్స్ అని పేరు మార్చిరి. ఐ. బి. యం. అని లోకవ్యవహారము.

1929 తరువాతి యార్థికమాంద్యమున నితర యజమానులు పనివాండ్రను దొలఁగించుచుండఁగా, వాట్సను వారిచే యంత్రభాగములు చేయించి గిడ్డంగులు నింపించెను. చూచువారికది వెఱ్ఱిగాఁ దోఁచెను. అంతలో 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టము వచ్చి, 2 కోట్ల 60 లక్షల మంది శ్రామికుల లెక్కలు వ్రాయవలసిన పని ప్రభుత్వముపైఁ బడఁగా, యంత్రములు సిద్ధముగా నున్న యీ కంపెనీకే యా పని దక్కెను. ఇది దయయా, వ్యాపారమా యని యడుగుదురేని, రెండును గలవని నా యభిప్రాయము.

ఆ కాలమున నుద్యోగి జీవితము మన గురుకులమును గొంత దలఁపించును. ఎండికాట్ నగరమునఁ గంపెనీ పాఠశాల యుండెను. పనిలోఁ జేరినవాఁ డటఁ జదివి మెట్టుమెట్టుగా నెక్కవలయును. పై పదవులకు లోపలివారినే యెంచుచుండిరి. కంపెనీని గీర్తించు పాటలను భజనగోష్ఠివలె నందఱును గలసి పాడుచుండిరి! 1934లో సామూహిక జీవితబీమాయు, 1937లో వేతనముతోఁ గూడిన సెలవులును వచ్చెను. పై యధికారి యన్యాయము చేసిన యెడల నెంత చిన్న యుద్యోగియైనను గంపెనీ యధ్యక్షునికే మొఱవెట్టుకొనవచ్చును. దోషములును లేకపోలేదు. వివాహమైన స్త్రీ కొలువు విడువవలెనను నియమము 1951లోఁగాని సడలింపఁబడలేదు. పదోన్నతి కోరువాఁడు ఊరూరికి బదిలీ కావలసినదే, ఐ. బి. యం. అనఁగా "ఐ హావ్ బీన్ మూవ్డ్" అని యుద్యోగులే పరిహాసమాడుకొనెడివారు.

పని తక్కువయ్యెనని యెవ్వరిని వెళ్ళఁగొట్టరాదనునది యచ్చటి యాచారము. తండ్రి యుద్యోగమునఁ గొడుకును జేరిన కుటుంబములు హడ్సన్ నదీలోయలో నెన్నియో కలవు. ఆ నమ్మకముతోనే యిండ్లు కట్టుకొనిరి, పిల్లలను జదివించుకొనిరి. కాని యది యాచారమే. ఒడంబడిక పత్రము కాదు. 1980లలోఁ బెద్ద యంత్రముల స్థానమును జిన్న కంప్యూటరు లాక్రమించుకొనసాగెను. 1993లో నష్టము 800 కోట్ల డాలర్లకు మించెను. ఆ యేఁడు హడ్సన్ లోయలోనే తొలగింపులు మొదలయ్యెను. 1980లలో 4 లక్షలున్న యుద్యోగులు 1994 నాఁటికి సుమారు 2 లక్షల 20 వేలైరి. ఇరువదియేండ్లు సేవించిన వానికి సయితము, చూపుటకుఁ జేతఁ గాగితము లేకపోయెను. 1993లోనే లూయీ గెర్స్ట్‌నర్ అను బయటివానిని దెచ్చి యధ్యక్షునిఁ జేసిరి. లోపలివారినే యెంచు సంప్రదాయమును దానితోఁ దెగినది.

పింఛను మాట వేఱు. 1999లోఁ గంపెనీ పింఛను లెక్కను మార్పఁగా, నడివయసు వారికి రావలసినది తగ్గునని తేలినది. ఎన్నఁడును సంఘముగాఁ గూడని యా యుద్యోగు లప్పుడు కూడిరి, సభలు చేసిరి, న్యాయస్థానమున కెక్కిరి. కలకలమునకు వెఱచి, నలువదియేండ్లు నిండి పదియేండ్ల సేవ గలవారికిఁ బాత పద్ధతినే కోరుకొను వీలు గల్పించిరి. 2006లో నప్పీలు న్యాయస్థానము కంపెనీ పక్షముననే తీర్పు చెప్పినది. అయినను గలసి యడిగినందున దక్కినది దక్కినది.

తెలుగువారికి దీనితో సంబంధము లేకపోలేదు. తెలుగు కుటుంబమున 1962లో జన్మించిన అరవింద కృష్ణ, కాన్పూరు ఐ. ఐ. టి.లోను, అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయమునను జదివి, 1990లో నీ కంపెనీ పరిశోధనశాలలోఁ జేరెను. మూఁడేండ్లు తిరుగకుండ నా తొలగింపులు వచ్చినవి. ఆయన నిలిచి, 2019లో 3,400 కోట్ల డాలర్లకు రెడ్ హ్యాట్ అను కంపెనీని గొనుటకుఁ బ్రధాన కారకుఁడై, 2020 ఏప్రిలులో ముఖ్య కార్యనిర్వాహకుఁడయ్యెను.