కాకినాడకు చేరిన ఆఖరి పాఠం

డిసెంబరు 1 వచ్చిందంటే నాకు కాకినాడ గుర్తొస్తుంది. 1964లో అదే రోజున భువనేశ్వర్‌లో శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కన్నుమూశారు. ఆయన వీలునామా ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టి, భూమ్మీద ప్రాణం ఎలా మొదలైందన్న ప్రశ్నకు కొత్త దారి చూపిన మనిషి, చివరికి మన పిల్లల ముందు పాఠమై పడుకున్నారు. ఆ కాలేజీ మీదుగా వెళ్ళినప్పుడల్లా ఒక్క నిమిషం ఆగుతాను.

ప్రాణం ఎలా మొదలైందన్న ఆ ప్రశ్న చాలా పాతది. అన్నిటినీ దేవుడే చేశాడన్న నమ్మకమూ, కుళ్ళిన మాంసంలో పురుగులు వాటంతటవే పుడతాయన్న నమ్మకమూ శతాబ్దాల తరబడి ఒకే ఇంట్లో కాపురం చేశాయి. 1668లో ఇటలీ వైద్యుడు ఫ్రాన్సెస్కో రెడీ మాంసం జాడీకి గుడ్డ కట్టి, ఈగ వాలకపోతే పురుగు పుట్టదని చూపించాడు. రెండు వందల ఏళ్ళకు లూయీ పాశ్చర్, హంసమెడ లాంటి వంపు గొట్టాలున్న గాజు బుడ్డీలతో, సూక్ష్మజీవులు సైతం వాటంతటవి పుట్టవని తేల్చాడు. ఈలోగా 1859లో డార్విన్ పుస్తకం వచ్చింది. ఒక జీవి నుంచి ఇన్ని జీవులెలా వచ్చాయో అది చెప్పింది. మొట్టమొదటి జీవి సంగతి మాత్రం పక్కన పెట్టింది. మరుసటేడు రెండో ముద్రణ చివర్లో డార్విన్ ‘సృష్టికర్త’ అన్న మాట చేర్చాడు. చేర్చినందుకు తర్వాత బాధపడ్డాడు.

సృష్టివాదులకు ఇక్కడ గట్టి పట్టు దొరికింది. ప్రాణం లేనిదాంట్లోంచి ప్రాణం రాదని పాశ్చరే రుజువు చేశాక, తొలి ప్రాణం పోసినవాడు ఒకడుండాలి కదా! ఇది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు.

1929లో ‘రేషనలిస్ట్ ఆన్యువల్’లో అచ్చయిన ఒక చిన్న వ్యాసంలో హాల్డేన్ జవాబు వెతికారు. తొలినాళ్ళ భూమి మీద గాలిలో ఆక్సిజన్ లేదు, ఓజోన్ పొర లేదు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు నేరుగా నీటిని తాకేవి. ఆ కిరణాల శక్తితో నీరు, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా కలిసి చక్కెరల వంటి పదార్థాలు తయారయ్యాయి. ఇవాళైతే అలాంటివి పుట్టగానే సూక్ష్మజీవులు తినేస్తాయి. అప్పుడు తినేవాళ్ళెవరూ లేరు. అందుకే పోగుపడి పోగుపడి, సముద్రమంతా వేడి వేడి పలచని చారులా తయారైందన్నారు. పాశ్చర్ చెప్పింది నేటి భూమికి నిజం, ఆనాటి భూమి వేరు! ఆ ఒక్క మాటతో మూసుకున్న తలుపు తెరుచుకుంది.

వాదించడమంటే ఆయనకు ప్రాణం. క్యాథలిక్ రచయిత ఆర్నాల్డ్ లన్‌తో ఉత్తరాల్లో వాదులాడి, ఇద్దరూ ఆ ఉత్తరాలను 1935లో పుస్తకంగా తెచ్చారు. ఏ ఆధారం దొరికితే పరిణామవాదాన్ని వదులుకుంటారని అడిగితే, కేంబ్రియన్ యుగానికి ముందరి రాళ్ళలో కుందేలు శిలాజం అన్నారని చెబుతారు. తనను ఓడించే దారి తానే చూపించడం! నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. కుర్తా తొడుక్కున్నారు, శాకాహారి అయ్యారు, భారత పౌరుడయ్యారు. ఆయన శిష్యుల్లో మన పిఠాపురం కుర్రాడు కృష్ణ ద్రోణంరాజు ఉన్నారు. చెవి అంచున మొలిచే వెంట్రుకలు వంశంలో ఎలా దిగుతాయో ఆ కుర్రాడు తెలుగు కుటుంబాల్లో పరిశీలించాడు.

ప్రాణం పుట్టుక గురించి హాల్డేన్ చేసిన ఊహనే ఇంచుమించుగా రష్యాలో ఒపారిన్ అనే శాస్త్రవేత్త 1924లోనే విడిగా అచ్చువేశాడు. 1963లో ఫ్లోరిడాలో ఒక సదస్సులో ఇద్దరూ మొదటిసారి కలిశారు. ఆ ఘనత ముందు ఒపారిన్‌దేనని హాల్డేన్ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. ఆ మరుసటి ఏడాదే క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది.

తర్వాతి కథ ఒక దారిన నడవదు. 1953లోనే షికాగోలో స్టాన్లీ మిల్లర్ గాజు పాత్రలో వాయువులకు విద్యుత్ మెరుపులు తగిలించి అమైనో ఆమ్లాలు రాబట్టాడు. అయితే ఆనాటి గాలి అచ్చంగా అలాగే ఉండేదా అన్న అనుమానం తర్వాత బలపడింది. కొందరు ఆర్‌ఎన్‌ఏ ముందు అన్నారు, కొందరు సముద్రగర్భపు వేడినీటి ఊటల వైపు చూశారు. ఆఖరి జవాబు ఇంకా రాలేదు. అమెరికాలోనైతే సృష్టివాదానికీ పరిణామవాదానికీ మధ్య పోరు కోర్టులకెక్కింది. 1925లో టెనెసీలో పరిణామవాదం చెప్పిన టీచర్‌కు 100 డాలర్ల జరిమానా పడితే, 2005లో పెన్సిల్వేనియాలో సృష్టివాదపు కొత్త రూపాన్ని సైన్సు క్లాసులోకి రానివ్వొద్దని తీర్పు వచ్చింది.

మన దగ్గర 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి జీవపరిణామం పాఠం తీసేశారు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు వద్దని రాశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఉంది కదా అంటారు. పదితో సైన్సు వదిలేసే పిల్లకు అదెప్పుడు చేరుతుంది? ఆ పిల్ల దేవుణ్ణి నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు. ఆ కుందేలు సంగతి మాత్రం ఎవరో ఒకరు బళ్ళోనే చెప్పాలి. చనిపోయాక కూడా పాఠం చెప్పడానికి కాకినాడ దాకా వచ్చిన మనిషికి మనం బాకీ ఉన్నది అదే.