మసక వెలుగులో బేస్ గిటార్ మెట్లు కనబడాలంటే

డిసెంబరు 24 రాత్రి క్యాండిల్ లైట్ ఆరాధనలో ట్యూబ్‌లైట్లు ఆర్పగానే సంఘమంతా కొవ్వొత్తుల వైపు చూస్తుంది. బేస్ గిటార్ పట్టుకున్న కుర్రవాడు మాత్రం తన గిటార్ నెక్ వైపు చూస్తాడు. అక్కడ అతనికి నల్లటి చెక్క తప్ప ఏమీ కనబడదు. ఐదో మెట్టు మీద పడాల్సిన వేలు ఆరో మెట్టు మీద పడుతుంది. అప్పటికి తబలా ఆగి ఉంటుంది, రిథమ్ ప్యాడ్ ఆగి ఉంటుంది, జనం నెమ్మదిగా పాడుతుంటారు. ఆ తప్పు స్వరం ఎక్కడా దాక్కోలేదు. ఆరాధన అయ్యాక పెద్దలలో ఎవరో ఒకరు "ఏం బాబూ, ప్రాక్టీసు చెయ్యలేదా?" అని అడుగుతారు. ఆ పిల్లవాడు పై ఆదివారం బేస్ తీయడానికి వెనకాడతాడు. ప్రాక్టీసు చేసినవాడు కూడా చీకట్లో తప్పగలడు. దానికి మందు చాలా చవక. సంఘ పెద్దలూ వాద్య బృందాలూ తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాం.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మసక వెలుగు క్రిస్మస్ రాత్రికే పరిమితం కాదు. వాచ్‌నైట్ ఉంది. ఈస్టర్ నాడు సమాధుల తోటలో తెల్లవారకముందే మొదలయ్యే ఆరాధన ఉంది. పొలాల్లో, సముద్రపు ఒడ్డు గ్రామాల్లో జరిగే ఉజ్జీవ సభల్లో లైట్లన్నీ ప్రసంగీకుని ముఖం మీదే ఉంటాయి, వాద్యకారులు స్టేజి మూలన నీడలో కూర్చుంటారు. ఇక కరెంటు సంగతి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి చీకట్లో ఉన్న గ్రామాలు మనవి. అలాంటి రోజుల్లో, ఏజెన్సీ గ్రామాల్లోనైతే మామూలు రోజుల్లోనూ, చిన్న జనరేటరు మైకునూ యాంప్లిఫయరునూ లాగుతుంది. వెలుగుకు ఒక్క బల్బు మిగులుతుంది. 1 దినవృత్తాంతములు 9:33 చూస్తే దేవాలయపు గాయకులకు రాత్రింబగళ్లు పని ఉండేదని తెలుస్తుంది. వారు ఏ దీపం కింద పాడేవారో అక్కడ రాయలేదు గాని, రాత్రి ఆరాధన కొత్త సంగతి కాదు.

బేస్ గిటార్‌కే ఈ కష్టం ఎక్కువ ఎందుకు? హార్మోనియం, కీబోర్డు మెట్లు తెలుపూ నలుపూ కలిసి ఉంటాయి. పెట్రోమాక్స్ లైటు కిందా అవి తెలుస్తాయి. మన బొబ్బిలి వీణ చూడండి. నల్లటి మైనంలో ఇత్తడి మెట్లు 24 బిగిస్తారు. వాయించేవారు వీణను అడ్డంగా పెట్టుకొని మెట్లను పైనుంచి చూస్తారు. నలుపు మీద పసుపు మెరుపు, అదీ కళ్లకు ఎదురుగా. బేస్ గిటార్ ఎదుటివారికి ముఖం చూపిస్తుంది, వాయించేవాడికి అంచు మాత్రమే చూపిస్తుంది. పైగా మెట్ల మధ్య దూరాలు పెద్దవి. మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. మొదటి మెట్టు గడి సుమారు 48 మిల్లీమీటర్లు ఉంటే, పన్నెండో మెట్టు దాటాక అది 24 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. తీగ మొదలు నుంచి ఐదో మెట్టుకు దాదాపు 217 మిల్లీమీటర్లు, ఏడో మెట్టుకు 287. ఇ స్కేలులో పాడే పాటలో చెయ్యి పదేపదే వెళ్లేది ఈ రెండింటికే. జానెడు దూరం గాలిలో దూకి సరైన చోట దిగాలి, అదీ చూడకుండా.

లియో ఫెండర్ 1951లో అమ్మకానికి తెచ్చిన బేస్‌కు 'ప్రెసిషన్' అని పేరు పెట్టింది మెట్లు ఉన్నందుకే. అంతకుముందు నిలువెత్తు డబుల్ బేస్‌కు మెట్లు ఉండేవి కావు, స్వరం ఎక్కడుందో వేలికే తెలియాలి. మెట్లు వచ్చాక వేలు గడిలో ఎక్కడ పడ్డా స్వరం సరిగ్గా పలుకుతుంది. ఏ గడి అన్నది మాత్రం ఎవరైనా చూపించాలి. ఆ పని చుక్కలది. మామూలుగా అవి 3, 5, 7, 9 గడుల్లో ఒక్కొక్కటి, 12లో రెండు, మళ్లీ 15, 17, 19, 21 గడుల్లో ఒక్కొక్కటి ఉంటాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నెక్ ముందువైపున్న పెద్ద చుక్కలు ప్రేక్షకులకు అందంగా కనబడతాయి. వాయించేవాడికి పనికొచ్చేవి నెక్ పై అంచున, లావు తీగ పక్కన ఉన్న చిన్న చుక్కలు. అవి తరచుగా రెండు మిల్లీమీటర్లు మించవు. అందుచేత స్టిక్కర్లు కొని ముందువైపు అంటించడం డబ్బు దండగ. తీగల కింద అవి అరుగుతాయి, జిగురు వేళ్లకు అంటుతుంది, చూడాలంటే గిటార్‌ను పైకి తిప్పాలి. ఏం చేసినా అంచు మీద చెయ్యండి. ఎడమచేతివాటం పిల్లలు మామూలు గిటార్‌నే తిరగేసి వాయిస్తుంటే వారి అంచు చుక్కలు నేల వైపు ఉంటాయి. వారికి రెండో అంచున కొత్తగా పెట్టాల్సిందే.

తరువాత తేల్చుకోవలసింది, మీ సంఘంలో ఉండేది మసకా, కటిక చీకటా అన్నది. రెండింటికీ మందు వేరు. వంద కొవ్వొత్తులు వెలిగిన హాలు చీకటి కాదు, మసక. మసకలో పనిచేసేది రంగుల తేడా. నల్లటి లేదా ముదురు గోధుమ చెక్క మీద తెల్ల చుక్క, లేత పసుపు చెక్క మీద నల్ల చుక్క, సైజు మూడు మిల్లీమీటర్లు. దీనికి మెరిసే పదార్థమేదీ అక్కర్లేదు. ఎర్ర చుక్కలు, నీలం చుక్కలు పెట్టకండి. నీలం లైటు కింద ఎర్ర చుక్క నల్లగా మారిపోతుంది. తెలుపు ఏ లైటు వేస్తే ఆ రంగులో కనబడుతుంది, ముదురు చెక్క మీద మాయం కాదు.

కటిక చీకటికైతే తనంతట తాను వెలిగే చుక్క కావాలి. బజారులో అడిగితే 'రేడియం స్టిక్కర్' ఇస్తారు. ఆ పేరు కింద రెండు రకాల సరుకు ఉంది, ఈ తేడా తెలియక మోసపోయేవారు చాలామంది. బండి నంబరు ప్లేట్ల మీద, లారీల వెనుక అంటించే రకం తనంతట వెలగదు. అందులో ఉండే సన్నటి గాజుపూసలో పట్టకపు గడులో తమ మీద పడిన వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. హెడ్‌లైటు డ్రైవరు కళ్లకు దగ్గరలో ఉంటుంది గనుక అతనికి ధగధగా మెరుస్తుంది. బేస్ వాయించేవాడి నుదుట దీపం లేదు గదా! ఆ స్టిక్కరు అతనికి మామూలు కాగితం ముక్కతో సమానం.

రెండో రకం వెలుగును తాగి, చీకట్లో కొంతసేపు ఆకుపచ్చగా వదిలే రకం. పిల్లల గదుల్లో పైకప్పుకు నక్షత్రాలు అంటిస్తారే, ఆ జాతి. ఇందులోనూ నిజమైన రేడియం లేదు, భయం వద్దు. ఒకప్పుడు ఉండేది. 1910లు, 20లలో అమెరికాలో గడియారం ముళ్లకు రేడియం రంగు పూసిన ఆడపిల్లలు కుంచెను పెదవులతో కొన చేసుకునేవారు. వారిలో ఎందరో దవడ ఎముక కుళ్లి, రక్తం పాడై చనిపోయారు. ఆ మూలకం పేరు మన బజారులో ఇలా మిగిలింది. ఇప్పటి సరుకులో పాతది జింక్ సల్ఫైడ్, త్వరగా ఆరిపోతుంది. 1990లలో జపానులోని నెమోటో కంపెనీ తెచ్చిన స్ట్రాన్షియం అల్యూమినేట్ దానికంటే ఎంతో ఎక్కువ సేపు వెలుగుతుంది. కొనేటప్పుడు ఈ రెండో పేరు అడగండి. గిటార్ అంచు కోసమే తయారైన చుక్కలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. దొరక్కపోతే ఆ పదార్థం కలిసిన రంగు చిన్న సీసా చాలు.

ఈ చుక్కకు ముందుగా వెలుగు తినిపించాలి. నీలం, ఊదా వైపు వెలుగునే అది బాగా తాగుతుంది. ఫోను టార్చి తెల్ల వెలుగులో నీలం పాలు ఉంటుంది గనుక, దగ్గరగా పెట్టి నిమిషం సేపు చూపిస్తే సరిపోతుంది. కొవ్వొత్తి, పాత పసుపు బల్బు, ఎర్ర స్టేజి లైటు దానికి దాదాపు పనికిరావు. 'పొద్దున్న నుంచి హాల్లోనే ఉంది గదా' అనుకొని సంచిలో పెట్టిన గిటార్ రాత్రికి వెలగకపోతే ఆశ్చర్యం లేదు. తినిపించిన తరువాత మొదటి కొన్ని నిమిషాల్లోనే వెలుగు బాగా పడిపోతుంది. మిగిలిన కొద్ది వెలుగు గంటల తరబడి ఉంటుంది గాని, చీకటికి అలవాటుపడిన కంటికే అది కనబడుతుంది. కన్ను పూర్తిగా అలవాటు కావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అందుకే టార్చి పని వాయించేవాడు తన కళ్ల ముందు పెట్టుకొని చెయ్యకూడదు, పక్కవాడు నెక్ వైపు తిప్పి చెయ్యాలి. వంద కొవ్వొత్తుల మధ్య ఈ ఆకుపచ్చ మెరుపు తెలియనే తెలియదు. లేత పసుపు చెక్క మీద పెడితే రెండు విధాలా నష్టమే, ఎందుకంటే వెలగనప్పుడు ఆ చుక్క రంగు కూడా లేత పసుపే.

అంటించే విధానం. మన తీరప్రాంతపు ఉక్కలో చెమట చేతికి స్టిక్కరు అంచు వారంలో లేస్తుంది. అంచును పొడిగుడ్డతో తుడిచి, స్పిరిట్‌తో జిడ్డు తీసి, ఆరాక అంటించి, ఒక రాత్రి వదిలెయ్యండి. రంగైతే యాక్రిలిక్ మేలు. అగ్గిపుల్ల కొనతో ముందు ఒక తెల్ల చుక్క పెట్టి, ఆరాక దాని మీద వెలిగే రంగు రెండు మూడు పొరలు వెయ్యండి. అడుగున తెలుపు ఉంటే వెలుగు పైకి ఎక్కువ వస్తుంది. గోళ్ల రంగు, వైట్‌నర్ సులువే గాని, వాటిలోని ద్రావకాలు కొన్ని గిటార్ల పాలిష్‌ను తినేస్తాయి, తరువాత రిమూవర్‌తో తుడిస్తే అసలు పాలిషే ఊడుతుంది. రంధ్రం చేసి చుక్క పొదిగించడం అన్నింటికంటే గట్టిది. అది వాద్యాలు చేసే చేతికే అప్పగించండి, కుర్చీలు బాగుచేసే డ్రిల్లుకు కాదు. అన్ని గడులకూ పెట్టాలని లేదు. చీకట్లో ఒకే రకం చుక్కలు వరుసగా వెలిగితే ఐదేదో ఏడేదో తెలియక మళ్లీ మొదటికొస్తుంది. 5, 7, 12 వెలిగితే చాలు, 12కు రెండు.

మెట్లు లేని బేస్ ఉన్నవారు ఒకటి గమనించాలి. దాని అంచు చుక్క చాలావరకు గడి మధ్యలో కాక, మెట్టు ఉండాల్సిన చోటే ఉంటుంది. రెండు రకాల గిటార్లూ వాడే బృందంలో ఈ తేడా తెలియక పొరపాటు పడతారు.

వీటన్నిటికంటే తేలికైనది వంపు మెడ ఉన్న చిన్న దీపం. పవర్ బ్యాంకుకు తగిలించి, మ్యూజిక్ స్టాండుకు బిగించి, ఎడమ పక్క నుంచి నెక్ మీద పడేలా తిప్పితే చాలు. దీపం మొన కంటికి కనబడకూడదు. కనబడితే చుట్టూ ఉన్నదంతా ఇంకా నల్లబడుతుంది. స్టేజి మీద వెలుగు కనబడితే బాగుండదని కొందరు అభ్యంతరం చెబుతారు. కొవ్వొత్తుల ఆరాధనకు ఒక అర్థం ఉంది, దానికోసం చీకటి భరిద్దాం. మామూలు ఆదివారం పట్టపగలు కిటికీలకు తెరలు వేసి, రంగు లైట్ల కోసం చీకటి కొనితెచ్చుకుంటున్న సంఘాలకు మాత్రం మా సలహా ఒక్కటే: తెర తీయండి, చుక్కల ఖర్చు మిగులుతుంది.

చుక్కల మీద పూర్తిగా ఆధారపడకుండా పాట అమర్చుకోవడమూ ఒక ఉపాయం. బేస్‌లోని నాలుగు తీగలు ఇ, ఎ, డి, జి. వీటిని నొక్కకుండా మీటితే ఆ స్వరాలు వస్తాయి, చూపు అక్కర్లేదు. ఇ తీగ ఐదో మెట్టుకు దూకి పట్టే ఎ స్వరం పక్క తీగను వట్టిగా మీటితే వస్తుంది. కనుక లైట్లు ఆర్పి పాడే పాటను ఇ, ఎ, డి, జి స్కేళ్లలో పెట్టుకుంటే బేస్ చెయ్యి మొదటి నాలుగైదు మెట్లు దాటే పనుండదు. పాట ఇ ఫ్లాట్‌లో ఉంటే ఆ ఒక్క రాత్రికి అరమెట్టు పైకో కిందికో జరపమని పాడేవారిని అడగవచ్చు. బేస్ పిల్లవాడు చిన్నవాడు, అడగలేడు. పాస్టరు గారే అడగాలి.

చెయ్యి తానే దారి నేర్చుకుంటుందనడానికి సాక్ష్యం మన విజయనగరంలోనే ఉంది. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు చాలా బలహీనం. ఆయన వాయించిన వాద్యానికి మెట్లూ లేవు, చుక్కలూ లేవు. 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. అంతటి సాధన ఆదివారం బృందానికి సాధ్యం కాకపోవచ్చు గాని, వారానికి ఒక పాటను లైటు ఆర్పి సాధన చేయడం ఎవరికైనా సాధ్యమే. క్రిస్మస్‌కు నాలుగు వారాల ముందు మొదలుపెడితే చాలు.

ఒక హెచ్చరిక. తోటివారందరికీ కనబడే మసకలో ఒక్కరికే ఏమీ కనబడకపోతే, సందు మొనలో గుమ్మం తగులుతుంటే, అది చుక్కల సంగతి కాదు. రేచీకటి విటమిన్ ఎ లోపం వల్ల రావచ్చు, వంశపారంపర్యంగా వచ్చే రెటీనా జబ్బు వల్లా రావచ్చు. మొదటిది చికిత్సకు లొంగుతుంది. ఆ యవ్వనస్థుణ్ణి బృందం నుంచి తప్పించే ముందు కంటి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. విశాఖలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, అక్కడ రెటీనా నిపుణులున్నారు.

ఈ డిసెంబరుకు చేయవలసిన పని ఇంత. లైట్లు ఆర్పే పాటకు ముందు పాట చివరి చరణంలో, బేస్ పక్కన నిలబడే ఒకరు ఫోను టార్చితో నెక్ అంచుకు నిమిషం సేపు వెలుగు చూపించాలి. ఆ ఒకరు ఎవరో రిహార్సల్ నాడే పేరు పెట్టి చెప్పండి.