‘సంఘ’మన్న మాట - చిత్తూరు సీమ చెప్పే పాఠం

‘సంఘము’ అన్న పదానికి వ్యుత్పత్తి చెప్పునప్పుడు వైయాకరణులు ‘సమ్’ అనే ఉపసర్గను, ‘హన్’ అనే ధాతువును చూపుతారు. ఆ ధాతువుకు కొట్టుట అని ప్రసిద్ధార్థం. ‘సమ్’ తోడైతేనే అది దగ్గరగా కూడుట అవుతుంది. కూడికకూ కొట్లాటకూ నడుమనున్నది ఒక్క ఉపసర్గయే!

ఈ మాట నాకు తరచు జ్ఞాపకం రావడానికి కారణమున్నది. నేను ఉద్యోగం చేసిన ఒక ఊరిలో, చర్చి పెద్దల ఎన్నికలో పుట్టిన తగవు వలన రెండు వర్గాలవారూ ఆలయపు తలుపునకు చెరొక తాళం వేశారు. అది డిసెంబరు మాసం. నా తరగతిలోని ఒక బాలిక, “అయ్యవారూ, మా చర్చికి తాళం పడింది, పండుగ ఎక్కడ చేసుకోవాలి?” అని అడిగింది. నావద్ద సమాధానం లేకపోయింది. తరువాత చరిత్ర చదువుకొన్నప్పుడు, ఆ ప్రశ్నకు మన చిత్తూరు సీమలోనే కొంత జవాబు ఉన్నదని తెలిసింది.

పందొమ్మిదవ శతాబ్దంలో ఈ ప్రాంతపు క్రైస్తవం మిషన్ల వారీగా పంచుకొన్న భూమివలె ఉండేది. 1853లో స్థాపితమైన ఆర్కాటు మిషన్ అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చికి చెందినది. చిత్తూరు, మదనపల్లె దాని కేంద్రాలు. తెలుగు బైబిలు సవరణలో పాలుపంచుకొన్న డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ 1863లో మదనపల్లెకు వచ్చినది ఈ మిషన్ పక్షాననే. కడపవైపు లండన్ మిషన్‌వారు, నంద్యాలవైపు ఆంగ్లికన్లు, నాయుడుపేట మొదలుకొని తిరుపతి దాకా జర్మనీనుండి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు పనిచేశారు. ఏ ఊరికి ఏ మిషన్ ముందు వచ్చిందో ఆ ఊరివారు ఆ శాఖవారయ్యారు. ఐరోపాలో ఎన్నడో జరిగిన వివాదం ఇక్కడ ఇద్దరు వియ్యంకులను వేరు చేసింది.

మార్పు మెల్లగా వచ్చింది. 1901లో ఆర్కాటు మిషన్ సంఘాలు స్కాట్లండువారి సంఘాలతో కలిశాయి. 1908లో లండన్ మిషన్ మొదలైనవారి సంఘాలూ చేరగా దక్షిణ భారత ఐక్య సంఘం ఏర్పడింది. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో క్షయరోగుల కొరకు పలు మిషన్లు కలిసి ఒక శానిటోరియంను నెలకొల్పాయి. దానిని చాలాకాలం నడిపిన డాక్టర్ ఫ్రిమొత్ మోలర్ డెన్మార్క్ దేశస్థుడు. సిద్ధాంతంలో ఏకాభిప్రాయం కుదరకముందే సేవలో చేతులు కలిశాయన్నమాట. దగ్గుతో వచ్చిన రోగిని ‘నీవు ఏ శాఖవాడవు?’ అని అడుగవలసిన పనిలేదు కదా!

1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప తక్కినవారంతా భారతీయులే. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య వారిలో ముఖ్యులు. ఈ విభేదాలకు తాము కారకులు కారనీ, అవి బయటినుండి తమపై వచ్చి పడినవనీ వారు ప్రకటించారు. ఆ మీదట చర్చలు 28 సంవత్సరాలు సాగాయి. పెద్ద చిక్కు గురువుల అభిషేకం. బిషప్పు చేయి పడనివాడు గురువా కాడా అన్నది ప్రశ్న. అప్పటికే గురువులైనవారిని తిరిగి అభిషేకించనక్కరలేదనీ, ఇకమీదట అభిషేకాలన్నీ బిషప్పుల చేతులమీదుగా జరుగవలెననీ ఒప్పుకొన్నారు. అంతకన్న ముఖ్యం, ఏ సంఘంవారి మనస్సాక్షికీ నొప్పి కలిగించే ఏర్పాటును తెలిసి తెలిసి చేయబోమన్న వాగ్దానం. 1947 సెప్టెంబరు 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ఐక్య సంఘాలు మూడూ కలిసి సి.ఎస్.ఐ. అయ్యాయి. అజరయ్యగారు దానిని చూడలేదు. 1945 జనవరి 1నే కన్నుమూశారు.

అందరూ చేరారని చెప్పడం సత్యం కాదు. నంద్యాల ఆంగ్లికన్లలో పెక్కుమంది చాలాకాలం వేరుగా ఉండి, పిమ్మట చేరారు. తిరుపతి కేంద్రంగా గల దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం నేటికీ వేరుగానే ఉన్నది. వేరుగా ఉండుట వేరు, వైరముగా ఉండుట వేరు.

మిత్రులారా, వేదాంత విభేదాలను 28 ఏళ్ళు ఓర్పుతో కూర్చుండి పరిష్కరించుకొన్నవారి వారసులు నేడు ఆస్తులకొరకు, పదవులకొరకు కోర్టు మెట్లెక్కుతుంటే బాధ కలుగుతుంది. నాటి పెద్దలు ఎదుటివాని ఓటమిని కోరలేదు. ఎవరి అలవాటును వారికి వదిలి, ఉమ్మడిపనిని ముందు చేపట్టి, తొందరను విడిచారు. రెండు తాళాలున్న తలుపు తెరుచుకోవాలంటే తాళపుచెవులు రెండూ కలిసిరావాలి. ఆనాడు నేను ఆ బాలికకు చెప్పలేకపోయిన జవాబు ఇదే.