మెట్రో పెట్టెలకు పరీక్ష

డోర్నకల్లు, మహబూబాబాదు స్టేషనులలో రైలు పట్టాల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు. 1984లో ఆరంభమయిన కలకత్తా భూగర్భ రైలుకును ఇదియే కొలత. దాని పెట్టెలు పెరంబూరులో తయారయినవి. హైదరాబాదు మెట్రోకు మాత్రము 1435 మిల్లీమీటర్ల కొలతను ఎన్నుకొన్నారు. అందువలన దక్షిణ కొరియాలో హ్యుందాయ్ రోటెమ్ సంస్థ నిర్మించిన పెట్టెలు మన పాత పట్టాలపై నడచి రాజాలవు. 2014లో అవి ఓడపై చెన్నై చేరి, అచ్చటి నుండి పెద్ద ట్రైలరు బండ్లమీద ఉప్పల్ డిపోకు వచ్చినవి.

అసలు పని అప్పుడే మొదలయినది. కొత్త పెట్టెలలో ప్రయాణికులకు బదులు ఇసుక బస్తాలు నింపి, బండి ఎంత ఊగుచున్నదో, బ్రేకు వేసిన పిదప ఎంత దూరమున ఆగుచున్నదో కొలువవలెను. బరువు పెరిగిన కొలది ఆపుటకు ఎక్కువ బలము కావలెను గదా! పైగా ఈ బండ్లలో బ్రేకు వేయగానే మోటారే జనరేటరుగా మారి, చలనశక్తిని విద్యుత్తుగా మార్చి 25,000 వోల్టుల తీగకు తిరిగి అందించును. కాగితముపై కుదిరిన ఈ లెక్క నిండు బండిలో కుదరకున్న, నష్టపడువారు ప్రయాణికులే.

నాగోలు నుండి మియాపూరు వరకు 30 కిలోమీటర్ల మార్గము 2017 నవంబరు 28న ప్రారంభమయినది. మొదటి పెట్టెలు వచ్చి అప్పటికి మూడేండ్లు దాటినది. ఆలస్యమంతయు పరీక్షలది కాదు. మార్గనిర్మాణపు చిక్కులును అందు కలవు.