పిడికెడు బియ్యము – దోర్నకలు దేవాలయము

దేవాలయ మనఁగానే మనకు ప్రభువుల మాన్యములును, దానశాసనములును స్మరణకు వచ్చును. నేనును చిరకాలము మా కరీంనగరమున పిల్లలకు అట్లే పాఠము చెప్పితిని. మాన్యము లేని దేవాలయ మెట్లు నిలుచును? ఈ ప్రశ్నకు సమాధానము దోర్నకలు క్రైస్తవుల చరిత్రమునందుఁ గలదు.

తిరునెల్వేలి క్రైస్తవులు 1903వ సంవత్సరమున స్వదేశ ధనముతో, స్వదేశ జనముతో నడుచు మతప్రచార సంఘమును స్థాపించిరి. ఆ సంఘము పక్షమున వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1909లో దోర్నకలునకు వచ్చిరి. జన్మముచేఁ దమిళులయ్యు తెలుఁగు నేర్చి పల్లెలు తిరిగిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయులు వారే.

వారి సంఘమునఁ బెక్కురు మాల మాదిగలు, కూలిజనము. బీదలైనను వారు ఒరులపై నాధారపడి యుండరాదని అజరయ్యగారి పట్టుదల. ఇల్లాలు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి సంఘమునకై వేఱుగ నుంచెడి యాచారము ఇంటింట నెలకొనెను. కోతపండుగనాఁడు ధాన్యము, పెరటి కాయగూరలు, కోళ్లు కానుకలుగా వచ్చును. ఆరాధనానంతరము వానిని వేలము వేసి, వచ్చిన సొమ్ము సంఘమునకు జమకట్టుదురు. కంచె లేని యుమ్మడి తోట యిది. ప్రతి గుడిసె పెరడును అందొక మడియే.

1939 జనవరి 6వ తేదీన దోర్నకలు పెద్ద దేవాలయము ప్రతిష్ఠింపఁబడెను. అందు హైందవ, మహమ్మదీయ శిల్పరీతులు కలసియున్నవి. 1945లో అజరయ్యగారు దివంగతులైరి. 1947లో ఆ సంఘము దక్షిణ ఇండియా సంఘమునఁ జేరెను. 1978లో దోర్నకలు అధ్యక్షమండలమునుండి మా కరీంనగర మండలము వేఱుపడెను.

ఒకమాఱు మా ప్రాంతపుఁ బల్లెలో కోతపండుగ చూచితిని. నా పూర్వశిష్యుని తల్లి, కూలిచేసి బ్రతుకునామె, సొరకాయ నొకదానిని తెచ్చి వేదికకడ నుంచెను. “ఆమెకే లేదు గదా, యేల యిచ్చుట?” యంటిని. శిష్యుఁడు మెల్లగా, “పంతులుగారూ! మా చేతులు పుచ్చుకొనుటకు మాత్రమే యున్నవని మీరును తలఁచితిరా?” యనెను. నేను బదులు చెప్పలేక తలవంచితిని.

అప్పటినుండి దేవాలయముల కథ చెప్పునపుడెల్ల, ప్రభువుల పేర్లతోపాటు పేరులేని యా యిల్లాండ్ర పిడికెడు బియ్యమును గూడఁ జెప్పుచున్నాను.