'దే' కొట్టేసి 'వుయ్' రాయించాం



మన గురించి ఇంగ్లిష్‌లో ముందు రాసినోళ్లు బయటోళ్లే. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేస్తే వాటిలో చెంచులున్నారు. 1943లో హైమెన్‌డార్ఫ్ చెంచుల మీదే ఏకంగా ఒక పుస్తకం తెచ్చాడు, అదీ ఎక్కువగా కృష్ణకు అవతల అమ్రాబాద్ వైపు వాళ్ల గురించి. ఎక్కడ చూసినా 'దే', అంటే 'వాళ్లు'.

నంద్యాల, ఆళ్లగడ్డ హాస్టల్ పిల్లలతో ఆదివారాలు కూర్చున్నప్పుడు అలాంటి పేరా ఒకటిచ్చి, 'దే' కొట్టేసి 'వుయ్' పెట్టమంటాం. కొన్ని వాక్యాలు నిలబడతాయి. కొన్ని చదవడానికే నోరు రాదు. వాటిని పిల్లలే మళ్లీ రాస్తారు. గ్రామర్ తప్పులుంటే ఉండనీ.

ఉత్తరం నేర్పాలంటే ఎప్పుడూ లీవ్ లెటరేనా? మనకు అహోబిలం పారువేట ఉంది. సంక్రాంతి తర్వాత 40 రోజులు నరసింహస్వామి ఊరూరా తిరిగి చెంచులక్ష్మితో పెళ్లికి పిలుస్తాడు. చెంచులు ఆయనకు బావమరుదులు కదా. ఆ పిలుపును స్వామి రాసినట్టు ఇంగ్లిష్‌లో రాయమన్నాం. ఒక పాప 'బ్రదర్ ఇన్ లా' అని రాసి ఆగిపోయింది. "అన్నా, ఇది బావనా, బావమరిదినా?" ఇంగ్లిష్‌లో రెండింటికీ అదే మాట. కాసేపు ఆలోచించి, కొట్టేసి, ఇంగ్లిష్ అక్షరాల్లోనే 'బావమరిది' అని రాసింది. మేం దిద్దలేదు.